పాత సామాను బేరం
ఇల్లు ఖాళీ చేసేవారి దగ్గర కొనేముందు చూసుకోవలసినవి: జగదల్‌పూర్ నుంచి కథనం

గరిటె నుంచి బీరువా దాకా ఒక ఇంట్లోని సామానంతా ఆ ఇంట్లోనే పరిచి, వచ్చినవారికి వచ్చినట్టు అమ్మేయడాన్ని అమెరికాలో ఎస్టేట్ సేల్ అంటారు. ఇంటి పెద్ద కాలం చేసినప్పుడో, వృద్ధ దంపతులు ఇల్లు అమ్మి పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నప్పుడో ఇలాంటి అమ్మకం పెడతారు. ఇందుకోసమే పనిచేసే సంస్థలు వచ్చి ప్రతి వస్తువుకూ ధర చీటీ అంటిస్తాయి. రెండు మూడు రోజులు తలుపులు తెరిచి ఉంచి, అమ్మకంలో కొంత వాటా తీసుకుంటాయి. మొదటి రోజు చీటీ మీద ఉన్నదే ధర. చివరి రోజుకి చాలాచోట్ల సగానికి దిగుతుంది. మంచి వస్తువు కావాలంటే మొదటి రోజు పొద్దున్నే, చవకగా కావాలంటే చివరి రోజు మధ్యాహ్నం వెళ్లాలన్నది అక్కడ కొనేవారు నేర్చుకునే తొలి పాఠం.

మన దేశంలో ఇంత పద్ధతిగా సాగే అమ్మకాలు అరుదు. పెద్దవాళ్లు పోతే సామాను పంపకాల్లో పోతుంది. పంచుకోగా మిగిలింది పాత ఇనప సామాను వాడి కాటా ఎక్కుతుంది. ఈ రెంటికీ నడుమ, నోటి మాటగా సాగే అమ్మకాలు మాత్రం ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఉద్యోగులు వస్తూ పోతూ ఉండే జగదల్‌పూర్ లాంటి ఊళ్లో వాటికి కొదవ లేదు. ధర చీటీ లేని ఈ బేరాల్లో వస్తువును చూడటం, వెల కట్టడం, అమ్మే హక్కు ఎవరిదో తెలుసుకోవడం అన్నీ కొనేవారి బాధ్యతే.

సామాను వచ్చే దారులు

ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్ మూడు రాష్ట్రాల దారులు కలిసే చోటు. సుక్మా, కోంటా మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం చేరుతుంది. బీజాపూర్, భోపాలపట్నం మీదుగా వెళ్లే 63వ నంబరు రహదారి తెలంగాణలోకి దిగుతుంది. విశాఖ వైపు కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం ఉంది. బైలాడిలా కొండల ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి ఇది. కిరండూల్‌లో ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ తవ్వకం 1968లో మొదలైంది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. జగదల్‌పూర్ పక్కనే నగర్నార్‌లో నెలకొల్పిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. ఉద్యోగాల కోసం, వ్యాపారం కోసం వచ్చి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఊళ్లో ఉన్నాయి. ఊళ్లోని బాలాజీ గుడి వారంతా కలుసుకునే చోటు.

అందువల్ల పాత సామాను ఇక్కడ ప్రధానంగా నాలుగు దారుల్లో బయటికొస్తుంది. మొదటిది బదిలీ. పిల్లల పరీక్షలు ముగిసిన ఏప్రిల్, మే నెలల్లో క్వార్టర్లు ఖాళీ చేసేవారు ఫ్రిజ్, మంచాలు, కూలర్, గ్యాస్ పొయ్యి అమ్మేస్తారు. లారీ కిరాయి కన్నా సామాను విలువ తక్కువని లెక్క తేలితే ఇంటి సామానంతా ఒకేసారి ఇచ్చేస్తారు. రెండోది పదవీ విరమణ. ముప్పై ఏళ్లు ఇక్కడ గడిపి సొంతూరికి పోయేవారి ఇంట్లో ఇత్తడి, కంచు, బస్తర్ బొమ్మలు, టేకు సామాను పోగుపడి ఉంటాయి. మూడోది పాత ఇళ్లు పడగొట్టడం. తలుపులు, ద్వారబంధాలు, కిటికీ చువ్వలు, పెంకులు అమ్మకానికి వస్తాయి. నాలుగోది వారసుల అమ్మకం. పిల్లలు దూరాన ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు పోయాక తాళం తీసి ఖాళీ చేస్తారు.

ఇవి కాక, ఆదివారం సంజయ్ మార్కెట్‌లో జరిగే సంతలోనూ, గోల్ బజార్ పాత్రల దుకాణాల్లోనూ పాత వస్తువులు అప్పుడప్పుడు కనబడతాయి. కొత్త పాత్ర కొనేవారు మార్పిడికి ఇచ్చిన పాత ఇత్తడి, కంచు దుకాణం వెనక మూటల్లో ఉంటుంది. కరిగించడానికి పంపకముందే అడిగితే కాటా మీదే ఇస్తారు.

అమ్మే హక్కు ఎవరిది

వస్తువును చూడకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. బదిలీ మీద పోయేవారి విషయంలో చిక్కు తక్కువ. అయితే క్వార్టర్‌లోని ఫ్యాన్లు, గీజరు, మంచాలు సంస్థవి కావచ్చు. సంస్థ ఆస్తి నంబరు రంగుతో రాసి ఉందేమో వెనక వైపు, అడుగు వైపు చూడాలి. ఆ నంబరును గీకేసిన గుర్తున్నా ఆ వస్తువు జోలికి పోకపోవడం మేలు.

వారసుల అమ్మకంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. ఇంట్లో ఉన్న కొడుకు ఒప్పుకున్నా, వైజాగ్‌లో ఉన్న కూతురికి ఆ సంగతి తెలియకపోవచ్చు. అమ్మ పెళ్లినాటి కావడి పెట్టె కోసమో, నాన్న వాలు కుర్చీ కోసమో నెల తరవాత తగువు రావచ్చు. విలువైన వస్తువైతే మిగతా వారసులతో ఫోన్‌లోనైనా ఒక మాట అనిపించుకోవాలి. కర్మకాండలు పూర్తి కాకముందే బేరానికి వెళ్లడం మన మర్యాద కాదు. ఇల్లు దుఃఖంలో ఉన్నప్పుడు చెప్పిన ధర మీద ఆ ఇంటివారు తరవాత నిలబడలేకపోవచ్చు కూడా.

అద్దె ఇంట్లో మిగిలిపోయిన సామానును ఇంటి యజమాని అమ్ముతుంటే అది అద్దెకున్నవారు వదిలేసిందా, బాకీ కింద పట్టుకున్నదా అని అడగాలి. బాకీ కింద పట్టుకున్నదైతే తరవాత పోలీసు స్టేషన్ మెట్లెక్కే అవకాశం ఉంది.

ఒక వస్తువుకు నాలుగు ధరలు

పాత వస్తువుకు ఒకే ధర ఉండదు. నాలుగుంటాయి. కరిగిస్తే వచ్చేది తూకం ధర. రేపటి నుంచి వాడుకోవడానికి పనికొస్తే అది వాడకం ధర. చేసినవాడి నేర్పుకు కట్టేది పనితనం ధర. ఇప్పుడు దొరకదు కాబట్టి ఇచ్చేది వయసు ధర. ఇత్తడి బిందెకు మొదటి రెండూ వర్తిస్తాయి. మైనపు అచ్చుతో ఇత్తడి పోసి చేసే బస్తర్ ఢోక్రా గుర్రానికి తూకం ధర నామమాత్రం, పనితనానిదే అసలు విలువ. పదేళ్ల ఫ్రిజ్‌కు వాడకం ధర ఒక్కటే మిగులుతుంది.

కొనేవారు మోసపోయే సందర్భాల్లో ఎక్కువభాగం ఈ ధరలు కలగాపులగమైన చోటే వస్తాయి. తూకానికి ఇవ్వవలసిన మామూలు చెంబుకు అమ్మేవారు వయసు ధర చెబుతారు. “రాజమహల్ నుంచి వచ్చింది సాబ్” అన్న మాట జగదల్‌పూర్‌లో చవకగా దొరుకుతుంది. ఇక్కడి రాజవంశం తాము ఓరుగల్లు కాకతీయుల శాఖ అని, ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు తమ మూలపురుషుడని చెప్పుకుంటుంది. ఆ చరిత్ర తెలుగువారికి ఆకర్షణ కాబట్టి కథ మరింత తేలిగ్గా అమ్ముడవుతుంది. రసీదో, పాత ఫొటోనో, జాబితాలో పేరో చూపగలిగితే తప్ప కథకు విడిగా డబ్బు ఇవ్వనక్కర లేదు. వెళ్లేముందు గోల్ బజార్‌లో ఆ రోజు పాత ఇత్తడి, పాత కంచు, రాగి కిలో ఎంతకు కొంటున్నారో అడిగి వెళితే బేరానికి అడుగు గట్టిపడుతుంది. ఏ లోహపు వస్తువునైనా ధర తెలిసినవారెవరూ అంతకన్నా తక్కువకు ఇవ్వరు.

ఇత్తడి, కంచు

రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. మంచి కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటాయి. పాత్రను వేలి కొసల మీద నిలిపి అంచును గోటితో మీటితే కంచు చాలాసేపు మోగుతుంది. ఇత్తడి మోత త్వరగా ఆగిపోతుంది. మోగవలసిన కంచు బొంగురుగా పలికితే ఎక్కడో సన్నని పగులు ఉన్నట్టే. వెలుతురుకు ఎదురుగా పట్టి తిప్పితే అంచు దగ్గర వెంట్రుకలాంటి గీత కనబడుతుంది. కంచు పెళుసు లోహం, పగిలితే సరిగా అతకదు. అందుకే పగిలిన కంచానికి తూకం ధరే ఇవ్వాలి. కంచు కంచం, లోటా పెళ్లి కానుకలుగా పెట్టే ఆనవాయితీ ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఉంది కాబట్టి ఇక్కడి ఇళ్లలో అవి మనవైపు కన్నా ఎక్కువ దొరుకుతాయి.

ఇత్తడి పాత్రలో వంట చేయాలంటే లోపల కళాయి ఉండాలి. చింతపండు, మజ్జిగ తగిలితే కళాయి లేని ఇత్తడి చిలుమెక్కుతుంది, కూర చేదెక్కుతుంది. లోపల తెల్లగా మెరిసే పూత అరిగి పసుపు రంగు బయటపడితే మళ్లీ కళాయి పెట్టించాలి. కళాయి పెట్టేవారు తగ్గిపోతున్నారు కాబట్టి ఆ ఖర్చును, వెతుకులాటను ధరలోంచి తగ్గించుకోవాలి. పెట్టించేటప్పుడు శుద్ధమైన తగరమే వాడమని చెప్పాలి. సీసం కలిసిన పూత వంట పాత్రకు పనికిరాదు. పాత్రకు మాట్లు వేసి అతికి ఉంటే ఆ అతుకులోనూ సీసం ఉండవచ్చు. అలాంటిది పూలకుండీగానో, అలంకారానికో తీసుకోవచ్చు తప్ప పొయ్యి మీదికి వద్దు.

బిందెల మెడ కింద, కంచాల అడుగున చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేర్లను తప్పక చదవాలి. కొన్నవారి పేరు, ఊరు, ఒక్కోసారి పెళ్లి తేదీ కూడా ఆ చుక్కల్లో ఉంటాయి. జగదల్‌పూర్ ఇళ్లలో ఒకే అటక మీద హిందీ, ఒడియా, తెలుగు అక్షరాల పాత్రలు పక్కపక్కనే కనిపించడంలో ఆశ్చర్యం లేదు. పేరు ఉండటం తూకం ధరను మార్చదు. కాని వస్తువు వయసుకు చేతిలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. అమ్ముతున్నవారికీ ఆ పేరుకూ సంబంధం ఏమిటని అడిగితే హక్కు సంగతీ కొంత తేలుతుంది.

ఢోక్రా: చేతి పనా, అచ్చు పనా

జగదల్‌పూర్‌లో కొనదగ్గ పాత వస్తువుల్లో ముందు చెప్పుకోవలసింది ఢోక్రా. ఘడ్వా పనివారు తరాలుగా చేస్తున్న ఈ పోతపనికి కొండగావ్ పేరుపొందిన కేంద్రం. అక్కడి జైదేవ్ బఘేల్ ఈ పనిని దేశవిదేశాలకు పరిచయం చేసిన శిల్పి. బస్తర్ ఢోక్రాకు భౌగోళిక గుర్తింపు ఉంది.

పని జరిగే తీరు తెలిస్తే అసలుకూ నకలుకూ తేడా కన్నుకు పట్టుబడుతుంది. ముందు మట్టితో బొమ్మ ఆకారం చేస్తారు. దాని మీద తేనెమైనాన్ని సన్నని దారాల్లా పేని, ఒకదాని పక్కన ఒకటి చుడతారు. కళ్లు, నగలు, జీను అన్నీ మైనం దారాలతోనే తీరుస్తారు. పైన మెత్తని మట్టి, ఆ పైన పొట్టు కలిపిన మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొట్టి బొమ్మను బయటికి తీస్తారు. ఒక అచ్చు నుంచి ఒక బొమ్మే వస్తుంది కాబట్టి రెండు బొమ్మలు నూటికి నూరుపాళ్లు ఒకేలా ఉండవు.

అందువల్ల జతగా అమ్మే రెండు ఏనుగుల్లో ప్రతి గీతా ఒక్కలాగే ఉంటే అది మళ్లీ మళ్లీ వాడిన అచ్చులో పోసిన సరుకు. కాళ్ల పక్కన, పొట్ట కింద నిలువుగా అతుకు గీత ఉంటే అది అచ్చు పనే అనడంలో అనుమానమే అక్కర లేదు. చేతి పనిలో దారం గీతలు గుండ్రంగా, కాస్త అటూ ఇటూగా సాగుతాయి. అచ్చు పనిలో అవి మొద్దుబారి ఉంటాయి. లోపల మట్టి మిగిలి ఉంటే బరువు ఎక్కువ తూగుతుంది. కాటా మీద కొనేవారు ఇది గమనించాలి.

వయసు తెలుసుకోవడానికి రంగు ఒక్కటే చాలదు. కొత్త బొమ్మను మసి, బూటు పాలిష్‌తో నల్లబరచడం తేలిక. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ నలుపు గుడ్డకు అంటుకుంటుంది. నిజమైన వాడకం అరుగులో కనిపిస్తుంది. చెయ్యి పడే చోట, అంటే దీపం పిడి, గుర్రం వీపు, ఏనుగు తొండం దగ్గర, గీతలు అరిగి నునుపెక్కుతాయి. సందుల్లో మాత్రం పదునుగానే మిగులుతాయి. ధాన్యం కొలిచే పాత కొలపాత్రలకు అంచు ఒకవైపే ఎక్కువ అరుగుతుంది. అన్నిచోట్లా సమంగా అరిగితే అది రాపిడి యంత్రం పని.

కంటికి శిక్షణ కావాలంటే ఊళ్లోనే రెండు చోట్లున్నాయి. చిత్రకోట్ దారిలో ఉన్న మానవశాస్త్ర మ్యూజియంలో బస్తర్ ఆదివాసుల పాత వస్తువులు చూడవచ్చు. కొత్త పనికి న్యాయమైన ధర ఎంతో రాష్ట్ర హస్తకళల బోర్డు వారి శబరి దుకాణంలో తెలుస్తుంది. పాత సామాను పేరుతో శబరి కన్నా ఎక్కువ అడిగితే ఆ ఎక్కువ దేనికో చెప్పమనాలి.

చెక్క సామాను

ఇక్కడి పాత మంచాలు, బీరువాలు, ఉయ్యాల బల్లలు ఎక్కువగా టేకు, సాల్, బీజా కలపవి. సాల్ బరువూ గట్టిదనమూ ఎక్కువ, కాని ఆరేకొద్దీ పగుళ్లు ఇస్తుంది. అందుకే దూలాలకు, ద్వారబంధాలకు వాడారు. బీజాను మనవైపు వేగిస అంటారు. పాత టేకును గుర్తుపట్టడానికి కంటికి కనబడని చోట, అంటే సొరుగు అడుగున, మంచం పట్టీ లోపలి వైపు, ఉప్పు కాగితంతో కాస్త రుద్దితే నూనె వాసన, బంగారు గోధుమ రంగు బయటపడతాయి. రంగు పూసిన మామూలు చెక్కలో లోపల తెల్లగా ఉంటుంది.

వానలు ఎక్కువ కురిసే ఊరు కాబట్టి చెదలు, పుచ్చు ముఖ్యమైన శత్రువులు. బీరువాను గోడ నుంచి జరిపించి వెనక చూడాలి. అడుగున మైదాపిండి లాంటి పొడి రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉంది. గుండుసూది మొనంత బెజ్జాలు ఉండి పొడి లేకపోతే పాత పుచ్చు అనుకోవచ్చు. కాళ్లను తాళంచెవితో కొట్టి వింటే డొల్ల తెలుస్తుంది. మేకులు లేకుండా చెక్కలో చెక్క దూర్చి బిగించిన అతుకులు మంచి వడ్రంగానికి గుర్తు. సొరుగును పూర్తిగా బయటికి లాగి ఆ అతుకులు చూడాలి. వానాకాలంలో సొరుగు బిగుసుకోవడం మామూలే. వేసవిలోనూ కదలకపోతే చట్రం వంగిందని అర్థం.

పరుపులు, దిండ్లు, దూది కుర్చీల విషయంలో నల్లుల భయం ఉంది. కుట్ల వెంబడి నల్లని చుక్కలుంటే ఎంత చవకైనా వదిలేయాలి. చట్రం మాత్రం తీసుకుని పరుపు కొత్తది వేయించుకోవడం తెలివైన పని.

విడి కలప సంగతి వేరు. తలుపులు, దూలాలు, చెక్కలు లారీలో రాష్ట్రం దాటించాలంటే అటవీ తనిఖీ కేంద్రాల దగ్గర ఆపుతారు. రవాణా అనుమతి కావాలేమో జగదల్‌పూర్ అటవీ డివిజన్ కార్యాలయంలో ముందే అడిగి, ఇల్లు పడగొట్టిన యజమాని రాసిచ్చిన కాగితం దగ్గర ఉంచుకోవాలి.

వెండి, నాణేలు, బట్ట, పుస్తకాలు

బస్తర్ సంతల్లో వెండి కంటెలు, కడియాలు, రూపాయి బిళ్లల దండలు కనిపిస్తాయి. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు 11.66 గ్రాములు. 1862 నుంచి 1939 దాకా దానిలో వెండి 91.7 శాతం. యుద్ధకాలంలో, 1940 నుంచి 1945 దాకా, సగానికి తగ్గించారు. 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో వెండి లేదు, అది నికెల్. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. జేబులో చిన్న అయస్కాంతం, నగల తూకం ఉంటే మోసం సగం తప్పుతుంది. రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 అని, ఈస్టిండియా కంపెనీ అని ముద్రించిన బిళ్లలు కంపెనీ నాణేలు కావు. అవి తరవాత ఎవరో అచ్చు వేసిన మాయ సరుకు. వెండి దండ మొత్తం ఒకే సంవత్సరం నాణేలతో, ఒకే మెరుపుతో ఉంటే అనుమానించాలి.

పాత బంగారం మీద 916 స్వచ్ఛత ముద్ర ఉండకపోవచ్చు. హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించాకే డబ్బు ఇవ్వాలి.

పాత పెట్టెల అడుగున తొగరు వేరు రంగుతో నేసిన ముతక నూలు చీరలు, ఉత్తరీయాలు దొరుకుతాయి. సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉన్న కోట్‌పాడ్ ఈ నేతకు పేరుపొందింది. ఆ నేతకు భౌగోళిక గుర్తింపూ ఉంది. తెల్లని తడి గుడ్డతో అద్దితే రంగు దిగకూడదు. మడతల దగ్గర చీర చిరుగు పడుతుంది కాబట్టి పూర్తిగా విప్పి వెలుతురుకు పట్టి చూడాలి. ఏళ్ల తరబడి మడతలోనే ఉన్న బట్టను ఒక్కసారిగా విదిలిస్తే అక్కడే చిరుగుతుంది.

పుస్తకాల అలమర కూడా చూడదగినదే. బస్తర్ పాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన మాడియా గోండుల గురించిన గ్రంథం, మురియా ఆదివాసుల యువజన గృహమైన ఘోటుల్ గురించి వెరియర్ ఎల్విన్ 1947లో తెచ్చిన గ్రంథం మొదటి ముద్రణలైతే పరిశోధకులు వెతుక్కునేవి. తరవాత వచ్చిన పునర్ముద్రణలకు ఆ విలువ లేదు. ముద్రణ సంవత్సరం ఉన్న పుట, పటాలు, ఫొటోలు చిరగకుండా ఉన్నాయా అన్నది చూడాలి.

యంత్రాలు, గ్యాస్, బండి

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ కొనేముందు కనీసం అరగంట నడిపించి చూడాలి. అప్పటికప్పుడు ప్లగ్గు పెట్టి “చూశారుగా, తిరుగుతోంది” అంటే సరిపోదు. వెనక అంటించిన రేకు మీద తయారైన సంవత్సరం ఉంటుంది. కుట్టు మిషన్ అయితే దారం ఎక్కించి మందపాటి గుడ్డ మీద ఒక జాన కుట్టించి చూడాలి. గ్యాస్ సిలిండర్ ఇంటి సామానుతో కలిపి కొనకూడదు. కనెక్షన్‌ను దాని యజమాని ఏజెన్సీలో అప్పగించాలి లేదా పద్ధతి ప్రకారం బదిలీ చేయించుకోవాలి.

స్కూటరు, కారు సంగతిలో కాగితాలే ముఖ్యం. ఛత్తీస్‌గఢ్ 17 నంబరుతో ఉన్న జగదల్‌పూర్ బండిని ఆంధ్రప్రదేశ్‌కో, తెలంగాణకో తీసుకుపోవాలంటే ఇక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం కావాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30 కావాలి. యజమాని చనిపోయి ఉంటే ముందుగా ఫారం 31 ద్వారా వారసుల పేరుకు మారాలి. చనిపోయినవారి పేరు మీదే ఉన్న బండికి వారసుడి సంతకం చెల్లదు. బండి అప్పుతో కొన్నదైతే బ్యాంకు పేరు రిజిస్ట్రేషన్ నుంచి తొలగించారో లేదో చూడాలి. కొత్త రాష్ట్రంలో కట్టవలసిన రోడ్డు పన్నును కూడా ధరలో లెక్కవేసుకోవాలి.

ముట్టుకోకూడనివి

అడవి మధ్య ఊళ్లోని పాత ఇళ్లలో గోడ మీద జింక కొమ్ములు, నేల మీద పులి తోలు, అలమరలో దంతపు పెట్టె ఉండవచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని అమ్మడం, కొనడం నేరం. యజమాని దగ్గర అటవీ శాఖ ఇచ్చిన ధ్రువపత్రం ఉన్నా అది దగ్గర ఉంచుకోవడానికే, అమ్ముకోవడానికి పనికిరాదు. ఆ వస్తువు వారసులకు మాత్రమే సంక్రమిస్తుంది. దండామి మాడియా ఆదివాసుల నాట్య తలపాగాకు ఉండే అడవిదున్న కొమ్ములు కూడా ఈ కోవలోనివే. కొమ్ములతో ఉన్న పాత తలపాగాను “బొమ్మే కదా” అని కొనుక్కుపోతే తనిఖీలో దొరికినవారికి జైలు తప్పకపోవచ్చు. లైసెన్సు లేని పాత తుపాకీ జోలికి అసలే పోకూడదు.

1972లోనే వచ్చిన పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు, లోహపు విగ్రహాలు, నాణేలు వంటివి పురావస్తువులు. చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులకు డెబ్బై అయిదేళ్లు చాలు. విగ్రహాలు, చిత్రాలు, చిత్రాలున్న రాతప్రతులు, చెక్క శిల్పాలు ఉన్నవారు వాటిని నమోదు చేయించాలి. వీటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నిషిద్ధం. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపుదామని పాత విగ్రహం కొనేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

చట్టం మాట అటుంచితే, బస్తర్‌లో అమ్మకానికి పనికిరాని వస్తువులు మరికొన్ని ఉన్నాయి. గ్రామదేవతల గుడి నుంచి వచ్చిన త్రిశూలాలు, గొడుగులు, గంటలు, అంగదేవ్‌గా కొలిచే కొయ్యలు, చనిపోయినవారి గుర్తుగా పాతిన స్తంభాలు ఊరి సొత్తు. వాటిని ఒక మనిషి అమ్ముతున్నాడంటే దొంగిలించి అయినా ఉండాలి, ఊరికి తెలియకుండా తెచ్చి అయినా ఉండాలి. పూజలు అందుకుంటున్న దేవుణ్ణి డ్రాయింగు రూముకు తేవడం ఆ ఊరివారికి తీరని అన్యాయం.

బేరం, చీటీ

బేరానికి ముందు సామాను మొత్తం ఒకసారి చూసి, కావలసినవాటిని మనసులో పెట్టుకుని, వాటితో పాటు ఒకటి రెండు వేరే వస్తువుల ధరలు కూడా అడగడం మంచిది. ఖాళీ చేసేవారికి ఒక్కొక్కటిగా అమ్మే తీరిక ఉండదు. నాలుగు కలిపి తీసుకుంటే తగ్గిస్తారు. అమ్మకం మొదటి రోజున ధర పట్టుగా ఉంటుంది, లారీ వచ్చే ముందు రోజు సడలుతుంది. మంచి వస్తువు అప్పటిదాకా ఆగదు. దసరా రోజుల్లో బస్తర్ ఉత్సవానికి వచ్చేవారితో ఊరు నిండుతుంది. బస్తర్ బొమ్మల్లాంటి వస్తువులకు అప్పుడు బేరం సాగదు.

వస్తువు లోపాన్ని చూపి తగ్గించమనడం న్యాయం. అమ్మేవారి అవసరాన్ని చూసి నొక్కడం అన్యాయం. ముసలావిడ కంచు కంచాన్ని స్టీలు ధరకు ఇస్తుంటే తూకం ధర ఎంతో ఆమెకు చెప్పాలి. సంతలో గోండు ఆడవాళ్లు మెడలోని వెండి అమ్మడానికి తెస్తే ఆ రోజు వెండి రేటు ప్రకారమే ఇవ్వాలి. సొరుగులో, దిండులో, గోడ అలమరలో డబ్బో, నగో, దస్తావేజో దొరికితే అది అమ్మినవారిదే, తిరిగి ఇచ్చేయాలి. నేలలో పాతిపెట్టిన నిధి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాలి.

డబ్బు ఇచ్చాక ఒక చీటీ రాయించుకోవాలి. తెల్లకాగితం చాలు. అమ్మినవారి పేరు, చిరునామా, తేదీ, వస్తువుల జాబితా, మొత్తం, ఇద్దరి సంతకాలు ఉండాలి. లోహపు వస్తువులకు తూకం, చెక్క సామానుకు కొలతలు, యంత్రాలకు వెనకనున్న నంబరు రాయాలి. ఆన్‌లైన్‌లో డబ్బు పంపితే ఆ రుజువును కూడా ఉంచుకోవాలి. చెక్‌పోస్టు దగ్గరా, వారసుల తగువులోనూ అక్కరకొచ్చేది ఆ కాగితమే.

ఇంటికి చేర్చడం, వాడకానికి సిద్ధం చేయడం

జగదల్‌పూర్‌లో సరుకు దింపి విశాఖకు, భద్రాచలానికి, రాయపూర్‌కు ఖాళీగా తిరిగి వెళ్లే లారీలు దొరుకుతాయి. ఆ తిరుగు లోడుకు కిరాయి తక్కువ. ఘాట్ రోడ్డులో కుదుపులు ఎక్కువ కాబట్టి కంచును పాత బట్టల్లో చుట్టి, గడ్డి పరిచిన చెక్కపెట్టెలో సర్దాలి. ఇత్తడి మీద కంచు, కంచు మీద జాడీ పెట్టకూడదు. అద్దం ఉన్న బీరువా తలుపులు ఊడదీసి, అద్దాన్ని నిలువుగా పెట్టాలి. బరువైన మంచాలను విప్పి, చెక్కల మీద సుద్దతో సంఖ్యలు రాసుకుంటే ఇంటి దగ్గర వడ్రంగి పని సులువవుతుంది.

ఇంటికి చేరాక చెక్క సామానును ఇంట్లోని పాత సామానుతో కలపకుండా విడిగా ఉంచి, చెదల మందు పట్టించి, పొడి రాలుతోందేమో వారం రోజులు చూడాలి. ఇత్తడిని చింతపండు, బూడిదతో తోమవచ్చు. పాత ఢోక్రాను మాత్రం అలా తోమకూడదు. పొడి బ్రష్‌తో దుమ్ము దులిపి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. ఏళ్ల తరబడి పట్టిన రంగు ఒక్క తోముడుకే పోతుంది, దానితో వయసు ధరా పోతుంది. వంట పాత్రలకు కళాయి, యంత్రాలకు తీగలు, ప్లగ్గు మార్పించాకే వాడకం మొదలుపెట్టాలి. ఈ మరమ్మతుల ఖర్చు, లారీ కిరాయి, కొన్న ధర మూడూ కలిపి చూస్తేనే ఆ వస్తువు చవకగా వచ్చిందో లేదో లెక్క తేలుతుంది.